మెట్ల మీద ఆర్కెస్ట్రా

పాటలోంచి గొంతు తీసేస్తే మిగిలే సంగీతం ఇప్పుడు ఎవరికి కావాలంటే వారికి దొరుకుతుంది. ఫోనులో పాట పేరు కొడితే చాలు, వాద్యాలన్నీ సిద్ధమై 'ఇక మీదే ఆలస్యం' అన్నట్టు ఎదురుచూస్తాయి. మేము కృష్ణానగర్లో కొత్తగా కాపురం పెట్టిన ఆ రోజుల్లో మాత్రం అలాంటిదొకటి ఉంటుందంటేనే జనం నా మొహంకేసి వింతగా చూసేవారు. దానికోసం నేను హైదరాబాదు సగం తిరిగాను. కళాభిమానంతో తిరిగానని మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. వాళ్ళ అభిప్రాయం చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను గానీ, నన్ను తిప్పింది కళ కాదు, కుళ్ళు. (అసూయ అంటే వినడానికి కాస్త మర్యాదగా ఉంటుంది. నాకు పట్టినదానికి అంత మర్యాద తెలియదు.)

నాకప్పుడు పెళ్ళయి ఏడాది దాటిందేమో. ఫిల్మ్ నగర్లో ఒక నిర్మాతగారి ఆఫీసులో ఉద్యోగం. ఉద్యోగమంటే ఫోన్లు ఎత్తడం, షూటింగుకి కార్లు బయల్దేరాయో లేదో చూడడం, కథ చెప్పడానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇప్పించి 'సార్ ఊళ్ళో లేరండీ' అని సాగనంపడం. (సార్ పక్కగదిలో దగ్గుతూ ఉండేవారు.) సినిమావాళ్ళు మద్రాసులో సామాన్లు సర్దుకుని ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్న కాలం. జూబ్లీహిల్స్ లో రోజూ ఎక్కడో ఒకచోట బండలు పేల్చి బంగళాలకి పునాదులు తీసేవారు, ఆ చప్పుడుకి కృష్ణానగర్లో మా వంటింటి గిన్నెలు గలగలమనేవి. ఆ వంటిల్లూ దాని ముందు ఒక గదీ, అంతే మా సామ్రాజ్యం. మా ఆవిడది తణుకు. పెళ్ళికి ముందు అక్కడి ఆర్కెస్ట్రాలో పాడేదిట. పెళ్ళిచూపుల్లో అందరిలా 'పాట పాడమ్మా' అని అడగకుండా వచ్చేసినందుకే నేను నచ్చానని తర్వాత చెప్పింది. అడగడం మరిచిపోయానన్న సంగతి నేను చెప్పలేదు.

ఆ దసరాకి ఆఫీసులో ఆయుధపూజ చేస్తే మా ఆవిడ వచ్చి ఒక భక్తిపాట పాడింది. నిర్మాతగారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ప్రసాదం చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయి విన్నారు. పాట అయ్యాక నన్ను పిలిచి, "ఏమయ్యా, ఇంత గొంతుని వంటింట్లో పెట్టి తాళం వేశావా? వచ్చేనెల కొత్తింటి గృహప్రవేశం. ఆ సాయంత్రం మీ ఆవిడ చేత నాకిష్టమైన పాట పాడించాలి. సంగీత దర్శకుడుగారు కూడా వస్తున్నారు. కొత్త గొంతు కావాలని ఆయన వెతుకుతున్నారు తెలుసా?" అన్నారు. ఆ పాట బాగా పాత సినిమాలోది. మధ్య మధ్య వయొలిన్లూ వేణువులూ పొడుగ్గా సాగుతాయి. వాద్యం లేకుండా వట్టి గొంతుతో పాడితే ఆ ఖాళీల్లో పాడేమనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడాలి. "మరి వాద్యం..." అని నసిగాను. "అదంతా మీరే చూసుకోండి, ఇంటి పనితోనే నా తల తిరిగిపోతోంది," అని అమ్మగారు కారెక్కేశారు.

ఇంటికెళ్ళి చెప్పగానే మా ఆవిడ మొహం ఎలా వెలిగిందంటే, ఆ వెలుగు నా వల్లే వచ్చిందని ఒక్క నిమిషం ఛాతీ విరుచుకున్నాను. ఆ నిమిషం అవగానే ఆవిడ, "వాద్యానికేం భయం లేదండీ. మాస్టారు ఇక్కడే, మన పక్కసందులోనే ఉంటున్నార్ట. కీబోర్డు తెచ్చుకుని నా పక్కన కూచుంటే చాలు, ఆర్కెస్ట్రా మొత్తం ఆయన చేతుల్లోనే ఉంటుంది," అంది.

మాస్టారంటే తణుకు ఆర్కెస్ట్రాలో వాయించిన కుర్రాడు. స్టూడియోల్లో పని వెతుక్కుంటూ అందరిలాగే కృష్ణానగర్ చేరాడు. మాస్టారు అన్న మాట విని నేను పంచెకట్టూ నెరిసిన జుట్టూ ఊహించుకున్నాను. మర్నాడే పాలబూతు దగ్గర మా ఇద్దరికీ ఆయన ఎదురుపడ్డాడు. నా వయసే. నల్లటి ఉంగరాల జుట్టు నుదుటిమీద పడుతుంటే ఒక్క వేలితో వెనక్కి తోస్తాడు, అది మళ్ళీ పడుతుంది, మళ్ళీ తోస్తాడు. ఆ క్షణం నుంచి నా మనసులో ఆయన పేరు ఉంగరాలు. మా ఆవిడ నన్ను పరిచయం చేస్తే నాకు నమస్కారం పెట్టి, ఆవిడ వైపు తిరిగి, "ఇప్పుడూ ఐదున్నర శ్రుతేనా, లేక దిగిందా?" అన్నాడు. "లేదండీ, ఐదున్నరే!" అని ఆవిడ సంబరపడిపోయింది. నేను పాలపాకెట్లు పట్టుకుని నిలబడ్డాను. ఏడాదిగా కాపురం చేస్తున్నాను, మా ఆవిడకి ఒక శ్రుతి ఉందనీ, దానికొక అంకె ఉందనీ నాకు తెలియదు. ఆవిడ చెప్పుల సైజు కూడా తెలియదు, అది వేరే సంగతి.

'నా పక్కన కూచుంటే చాలు' అన్న ముక్క ఆ రోజంతా ఆఫీసులో నా చెవిలో జోరీగలా తిరిగింది. జూబ్లీహిల్స్ బంగళాలో, రంగురంగుల బల్బుల కింద, సంగీత దర్శకుడుగారి ఎదురుగా, మా ఆవిడ పక్కన ఉంగరాలు. నేనేమో కుర్చీలు లెక్క చూసుకుంటూ వెనకాల. సాయంత్రం ఇంటికొచ్చి చాలా తెలిసినవాడిలా, "కీబోర్డులు పక్కన పెట్టుకుని పాడటం పాతపద్ధతి. ఇప్పుడు పెద్ద పెద్ద గాయకులందరూ ట్రాక్ మీదే పాడుతున్నారు. ముందే రికార్డు చేసిన సంగీతం క్యాసెట్లో మోగుతుంది, మనం దానిమీద పాడటమే. స్టూడియోలో నా కళ్ళతో చూశాను. అదెక్కడ దొరుకుతుందో నేను చూస్తానుగా," అన్నాను. (స్టూడియోలో నేను కళ్ళతో చూసింది క్యాంటీను.) "మీరు వెతుకుతారా? నాకోసమా?" అంది ఆవిడ. ఆ మాటలో ఉన్న ప్రేమకి నేను అర్హుణ్ణి కానని తెలిసినా వదులుకోలేదు.

మొదట కోఠీలో ఒక క్యాసెట్ల దుకాణానికి వెళ్ళాను. "ఈ పాట కావాలి, కానీ పాట ఉండకూడదు," అన్నాను. కౌంటర్లో పెద్దమనిషి కళ్ళజోడు పైకి నెట్టుకుని, "పాట లేకుంట పాట ఏంది సార్?" అన్నాడు. గొంతు లేకుండా మ్యూజిక్ మాత్రమే కావాలని వివరించాను. ఆయన శ్రద్ధగా విని, అలమర లోంచి ఖాళీ క్యాసెట్ తీసి నా ముందు పెట్టాడు. "గీంట్ల గొంతు లేదు, మ్యూజిక్ గూడ లేదు. మంచిగుంటది, తీస్కపో." అక్కడే ఉన్న ఇంకొకాయన జాలిపడి, ఆ పాటని క్లారినెట్ మీద వాయించిన క్యాసెట్ ఒకటి వెతికి ఇచ్చాడు. ఎగురుకుంటూ ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దానితో కలిపి పాడటం మొదలుపెట్టింది. ఆవిడ నోరు తెరిచినచోటల్లా క్లారినెట్ కూడా తెరిచింది. ఆవిడ సాగదీస్తే అది ఇంకా సాగదీసింది. పల్లవి అయ్యేసరికి మా ఆవిడ ఆయాసపడుతూ, "ఇది నాకు తోడు రావడం లేదండీ, నామీద పోటీకొస్తోంది," అని టేప్ రికార్డర్ ఆపేసింది.

తర్వాత ఒక స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేసే పరిచయస్థుణ్ణి పట్టుకున్నాను. ఆయన నవ్వి, "ఆ పాట రికార్డయిన రోజుల్లో గాయనీ వాద్యాలూ అంతా ఒకే గదిలో నిలబడి ఒకేసారి పాడి వాయించేశారండీ. గొంతు వేరుగా, మ్యూజిక్ వేరుగా ఎప్పుడూ లేవు. ఉన్నదాన్ని ఇవ్వగలను గానీ పుట్టనిదాన్ని ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అన్నాడు. అయినా నాకు బుద్ధి రాలేదు. అమీర్ పేటలో ఒకాయన ఏ పాటలోంచయినా గొంతు మాయం చేసేస్తాడని ఎవరో చెబితే అక్కడికీ పరుగెత్తాను. ఆయన రెండు యంత్రాల మధ్య తీగలు కలిపి, మీటలు తిప్పి, చెమటలు తుడుచుకుని, "అయిపోయింది, గొంతు ఖతం," అని క్యాసెట్ చేతిలో పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు పాపం. గొంతు నిజంగానే లేదు. దాంతోపాటు వయొలిన్లూ వేణువూ తబలా కూడా లేవు. మొదటి నుంచి చివరిదాకా సముద్రపు ఒడ్డున గాలి వీస్తున్నట్టు ఒక హోరు మాత్రం ఉంది. మా ఆవిడ ఆ హోరు చాలాసేపు విని, క్యాసెట్ బయటికి తీసి, "పోనీలెండి. ఇంత తిరిగారు. అమ్మగారికి గొంతు బాగాలేదని చెప్పేద్దాం," అంది. కోపంగా అని ఉంటే నేను వాదించేవాణ్ణి. మామూలుగా అని, బియ్యం ఏరుకోవడానికి కూర్చుంది. ఆ చేట వంక చూస్తూ ఉండలేకపోయాను. చొక్కా తగిలించుకుని, నా కాళ్ళతో నేనే, పక్కసందులో ఉంగరాల ఇంటికి నడిచాను.

పాట మొత్తం కీబోర్డు మీద వాయించి క్యాసెట్లో ఎక్కించి ఇమ్మని అడిగాను. "దానికేమండీ, నేనే వచ్చి వాయిస్తానుగా," అన్నాడాయన జుట్టు తోసుకుంటూ. నేను నోరు తెరిచేలోపల లోపలి గదిలోంచి గాజుల చప్పుడు వచ్చింది, దానివెనకాల ఒక మనిషి. ఆయన భార్య. ఇక్కడి మనిషే, చార్మినార్ దగ్గర గాజుల కొట్టు వాళ్ళమ్మాయి. రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులుంటాయి. (నేను ఆవిణ్ణి మనసులో గాజులావిడ అనుకునేవాణ్ణి.) ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, "క్యాసెటే మంచిగుంటది. అన్న సక్కగ అడుగుతుండు గదా, చేసియ్యరాదు? నువ్వు గాడికి పోవుడెందుకు?" అంది. ఆ మాట విన్నవెంటనే నాకు తెలిసిపోయింది. నా రోగమే. నాకన్నా ముదిరింది.

అయితే చిక్కేమిటంటే, పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూసుకోకుండా వాయించి ఇస్తే కుదరదన్నాడు ఉంగరాలు. కొన్నాళ్ళపాటు రోజూ సాయంత్రం మా ఆవిడ వచ్చి పాడాలి, ఆయన దానికి తగ్గట్టు వాయించి రికార్డు చేయాలి. దీన్నించి తప్పించుకోవాలనే కదా ఊరంతా తిరిగాను. ఆఫీసులో పంటినొప్పని చెప్పి రోజూ పెందలాడే వచ్చేసి మా ఆవిడ వెంట వెళ్ళేవాణ్ణి. (ఎన్ని పళ్ళయ్యా నీకు, అని మా మేనేజరు చివరికి అడగనే అడిగాడు.) మొదటిరోజు గదిలో నలుగురం కూర్చున్నాం. రికార్డింగు మొదలయ్యాక గాజులావిడ చెయ్యి కదిపింది, ఝల్లుమంది. మళ్ళీ మొదలెట్టారు, నేను కాలు ఆడించాను, మంచం కిర్రుమంది. మూడోసారి ఇద్దరం ఒకేసారి చేసినట్టున్నాం. ఉంగరాలు చేతులు జోడించి, "మీరిద్దరూ కాస్త బయట కూచుంటారా, ప్లీజ్," అన్నాడు. మేము బయటికి వచ్చాం. వెనక తలుపు మూసుకుంది.

మేడ మెట్ల మీద ఆవిడ పైమెట్టుకీ నేను కిందిమెట్టుకీ కూర్చున్నాం. కాసేపటికి ఆవిడ, "అన్నా, నీకు సంగీతం వస్తదా?" అంది.

"రాదండీ."

"నాకు గూడ రాదు. మరి గీడ కూసొని మనం ఏం జేస్తున్నట్టు?"

"అదే... వాళ్ళకి తోడుగా."

"తోడా, కావలా?" అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత మా మధ్య దాపరికాలేమీ లేవు. లోపల్నించి ఉంగరాల నవ్వు వినిపిస్తే ఆవిడ చెవి రిక్కించి, "ఇన్నవా? నేనేమన్న చెప్తే ఊ అంటడు, గంతే. గిట్ల నవ్వంగ నేనెన్నడు చూడలే," అనేది. "మా ఆవిడ మీ ఇంటికి బయల్దేరేముందు రెండుసార్లు చీర మారుస్తోందండీ," అని నేను ఉన్నదానికి కాస్త కలిపేవాణ్ణి. "అవునా!" అని ఆవిడ గాజులు ఝల్లుమనేవి. ఒకరి అనుమానానికి ఒకరు నీళ్ళు పోసుకుంటూ, మధ్యలో ఆవిడ తెచ్చిన ఇరానీ బిస్కట్లు తింటూ, ఆ సాయంత్రాలు బాగానే గడిచాయని ఒప్పుకోవాలి. అన్నిటికన్నా కంగారు పుట్టించింది లోపల చప్పుడు ఆగిపోవడం. పాట ఉన్నట్టుండి ఆగేది. "ఏంది, ఆగింది?" అని ఆవిడ నా భుజం మీద పొడిచేది. "పాటలోనే అక్కడ ఆగాలేమో." "గింతసేపా?" అది సంగీతంలో ఉన్న నిశ్శబ్దమో, మనుషుల మధ్య వచ్చిన నిశ్శబ్దమో తెలుసుకోవాలంటే ముందు సంగీతం తెలియాలి కదా. అందుకని ఇద్దరం ఆ పాటని పరీక్షకి చదివినట్టు చదివాం. మొదటి చరణం ముందు వయొలిన్ మూడుసార్లు పైకెక్కి దిగుతుంది, దిగాక తబలా ఒంటరిగా నాలుగు దెబ్బలు, అప్పుడొక చిన్న ఆగు, అది మంచి ఆగు, కంగారు పడక్కర్లేదు. వేణువు తర్వాత ఇంకో ఆగు వస్తుంది, అది కాస్త పొడుగు, అయినా మంచిదే. ఈ రెండూ కాక ఇంకెక్కడ ఆగినా గాజులావిడ పైకి లేచి, "నీళ్ళు గావాల్నా?" అంటూ తలుపు తోసేది. ప్రతిసారీ ఉంగరాలు క్యాసెట్ వెనక్కి తిప్పుతూనో, మా ఆవిడ గొంతు సవరించుకుంటూనో కనిపించేవారు. గాజులావిడ నిరాశగా తిరిగొచ్చేది. నిరాశ ఎందుకో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

చివరికి క్యాసెట్ తయారైంది. అట్టమీద మా ఆవిడ పేరు గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చాడు. (అంత గుండ్రంగా రాయాల్సిన అవసరమేమిటో నాకు అర్థం కాలేదు.) ఇచ్చి, "క్యాసెట్టుని నమ్మలేమండీ. ఎందుకైనా మంచిది, ఆ సాయంత్రం నేను కూడా కీబోర్డు పట్టుకొస్తా," అన్నాడు.

"అక్కర్లేదు!" అన్నాను నేను.

"అవసరం లేదు!" అంది గాజులావిడ, అదే క్షణంలో. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ దినం మా అన్న ఇంట్ల దావతుంది గదా. నువ్వు పోకుంటే, బావ రాలేదని అలిగి కూసుంటడు. నువ్వు గాడికి పో. పాటకాడికి నేను పోయి చూసొస్త. జూబ్లీహిల్స్ బంగళా లోపట ఎట్లుంటదో నేనెన్నడు చూడలే," అంది. ఉంగరాలు జుట్టు తోసుకోవడం కూడా మరిచిపోయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

గృహప్రవేశం సాయంత్రం పచ్చిక మీద షామియానా వేశారు. చెట్లకి బల్బులు, గేటు బయట కార్లు, మొహాలకి రంగులేకుండా చూస్తే గుర్తుపట్టలేని నటీనటులు. సంగీత దర్శకుడుగారు ముందువరుసలో తెల్లపంచెతో, కళ్ళు సగం మూసుకుని కూర్చున్నారు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. మా ఆవిడ నీలం పట్టుచీర కట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయంటే పట్టుకుని చూశాను, నిజంగానే మంచుముక్కల్లా ఉన్నాయి. నేను క్యాసెట్ మైకాయనకిచ్చి, ఆయన పక్కనే నిలబడ్డాను. సంగీతం మొదలైంది. మా ఆవిడ గొంతు కలిసింది. పల్లవి అయ్యేసరికి అమ్మగారి కళ్ళు చెమర్చాయి. మొదటి చరణానికి సంగీత దర్శకుడుగారి సగం మూసిన కళ్ళు తెరుచుకున్నాయి. నాకు గర్వమూ, ఆ గర్వంలో సగం ఉంగరాల పాలన్న మంటా ఒకేసారి కలుగుతుండగా, రెండో చరణం ముందు వయొలిన్లు ఉన్నట్టుండి దున్నపోతు నిద్రలో మూలిగినట్టు మూలిగాయి. ఇంకోసారి ఇంకా లావుగా మూలిగి ఆగిపోయాయి. మైకాయన మూత తెరిచి లాగితే లోపల్నించి టేపు సేమ్యాలాగా బారెడు బయటికొచ్చింది. "నమిలేసింది సార్," అన్నాడు నెమ్మదిగా, అది ఏదో గేదె చేసిన పనైనట్టు.

షామియానా అంతా నిశ్శబ్దం. అది మంచి ఆగు కాదు. ఎక్కడో ఒక కుర్చీలోంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ మైకు పట్టుకుని నిలబడిపోయి, సాయం కోసం జనంలోకి చూసింది. ఆ చూపు నాకోసం కాదనీ, ఉంగరాల జుట్టు కోసం వెతుకుతోందనీ నాకనిపించింది. (ఆ పరిస్థితిలో కూడా! నా దీక్షకి నాకే ఆశ్చర్యం.) అంతే, నా ఒంట్లో ఏదో భగ్గుమంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే పొద్దున పంతులుగారు మంత్రాలు చదివిన మైకు అందుకుని, నోరు తెరిచి, "తారీరరీ... రీరరీ..." అని వయొలిన్ వాయించడం మొదలుపెట్టాను. అవును, నోటితో. నా గొంతు మైకులోంచి బయటికొచ్చి జూబ్లీహిల్స్ బండలకి కొట్టుకుని మళ్ళీ నా చెవిలోనే పడింది. అది విని నేనే భయపడ్డాను. జనం గొల్లున నవ్వారు. మా మేనేజరు తల పట్టుకున్నాడు. ఆపేద్దామనుకునే సమయానికి ఆడవాళ్ళ కుర్చీల వైపునుంచి, ఝల్... ఝల్... ఝల్ ఝల్. గాజులావిడ లేచి నిలబడింది. రెండు చేతులూ ఎత్తి మణికట్టు దగ్గర తిప్పుతూ, తబలా ఎక్కడ ఎన్ని దెబ్బలు వేస్తుందో సరిగ్గా అక్కడ అన్ని ఝల్లులు వేసుకుంటూ, వరసల మధ్యలోంచి నడిచి వచ్చి నా పక్కన నిలబడింది. "వేణువు, అన్నా, వేణువు!" అంది. నేను వేణువు మీదకి మారాను. ఇద్దరం కలిసి ఆ పొడుగు ఆగు దగ్గర ఆగాం. ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపుకున్నాం. మా ఆవిడ మా ఇద్దరి వంకా చూసింది. ఏడుపు వస్తుందనుకున్నాను, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుని, సరిగ్గా తీసుకోవలసినచోట ఊపిరి తీసుకుని, రెండో చరణం ఎత్తుకుంది. ఎత్తుకున్న తర్వాత మేమున్నామో లేదో కూడా మరిచిపోయి పాడింది. జనం నవ్వడం మానేశారు. నాకు గుర్తున్నంతవరకూ ఆ చరణంలో వినిపించింది ఆవిడ గొంతూ, దాని కింద సన్నగా గాజులూ, అంతే. నేను కూడా వేణువు ఆపేసి విన్నాను.

చప్పట్లు అయ్యాక సంగీత దర్శకుడుగారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. నవ్వు వల్ల వచ్చిన నీళ్ళో, పాట వల్ల వచ్చినవో చెప్పలేను. "ఏమయ్యా, ఈ ఆర్కెస్ట్రాని ఎక్కణ్ణించి తెచ్చావు?" అని నన్నడిగి, మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మాయ్, పక్కన వీళ్ళు ఇంత గోల చేస్తుంటే నీకు శ్రుతి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. స్టూడియోలో నిన్ను ఎవరూ భయపెట్టలేరు. సోమవారం రికార్డింగ్ థియేటరుకి రా," అన్నారు. మా ఆవిడ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. గాజులావిడ నాకన్నా ముందు ఏడ్చేసింది.

ఆటోలో ఇంటికి వస్తూ మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సంతోషం ఎక్కువై మాట పెగలడం లేదనుకున్నాను. చెక్ పోస్టు దాటి దిగువకి వచ్చాక బయటికి చూస్తూ, "ఆవిడకీ మీకూ అంత లయ ఎప్పుడు కుదిరింది?" అంది.

"ఎవరికి?"

"గాజులాడించిందిగా, ఆవిడే. ఆవిడ చెయ్యెత్తగానే మీరు ఎత్తుకుంటారు. మీరు ఆగగానే ఆవిడ ఆగుతుంది. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలలూపుకోవడం కూడానూ. రోజూ మెట్లమీద ఇద్దరూ ఏం చేసేవారేమిటి? నవ్వులు వినిపిస్తూనే ఉండేవి, లోపలికి."

నాకు ఆ ఆటోలోనే లేచి నిలబడాలనిపించింది. పుట్టి బుద్ధెరిగాక నా విషయంలో కుళ్ళుకున్న మనిషిని చూడటం అదే మొదటిసారి. మా అన్నదమ్ముల్లో గానీ, చదువులో గానీ, ఆఫీసులో గానీ నన్ను చూసి ఎవరూ ఎప్పుడూ కుళ్ళుకోలేదు, అలాంటి అవకాశం నేనెవరికీ ఇవ్వలేదు. అలాంటిది, పట్టుచీరలో, చేతిలో సంగీత దర్శకుడుగారి పిలుపుతో ఉన్న మనిషి, నా గురించి! వెంటనే 'ఛ ఛ, మేం మీ ఇద్దరికే కాపలా కాశాం' అని చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. "ఏదో, బిస్కట్లు తినేవాళ్ళం," అని మాత్రం అని, ఆటో కృష్ణానగర్ చేరేదాకా ఆ సుఖాన్ని బుగ్గన పెట్టుకుని కూర్చున్నాను. నిజం ఇంటికెళ్ళాక, అన్నం తిన్నాక చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు, నమ్మాక చాలాసేపు నవ్వింది. "మాస్టారితోనా! ఆయన నాకు శ్రుతి తప్పితే స్కేలుతో చేతిమీద కొట్టేవారండీ," అంది.

మర్నాడు పొద్దున్నే ఉంగరాలు మా గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు దువ్వుకోలేదు. "మా ఆవిడ మీతో కలిసి వాయించిందటగా. షామియానా అంతా చప్పట్లు కొట్టారట," అన్నాడు. అవునన్నాను. "పెళ్ళయినప్పట్నుంచీ ఇంట్లో వాయిస్తున్నానండీ. నా వాయింపుకి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తాళం వేసిన పాపాన పోలేదు. మీతో ఎలా వేసిందసలు?" అన్నాడు దిగులుగా. ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కుళ్ళంతా ఎటో పోయింది. లోపలికి పిలిచి కుర్చీ వేసి, మా ఆవిణ్ణి కాఫీ పెట్టమన్నాను. పక్కన కూర్చుని, "మీరూ మెట్ల మీద కూచోండి, కుదురుతుంది," అని చెప్పాను. ఆ సలహా ఆయన పాటించాడో లేదో గానీ, తర్వాత చాలాకాలం మా రెండు కుటుంబాలూ ఆదివారాలు కలిసే తిన్నాయి.

మా ఆవిడ ఆ సోమవారం థియేటరుకి వెళ్ళింది. తర్వాత కొన్నేళ్ళపాటు ఫిల్మ్ నగర్లో చాలా పాటలు ముందుగా ఆవిడే పాడింది. అవి పెద్ద గాయనులు వచ్చి నేర్చుకుని పాడుకునేదాకా ఉండే పాటలు. వాళ్ళు పాడాక ఆవిడ గొంతు తీసేసేవారు. ఏదో ఒకటీ రెండూ మాత్రం అలాగే ఉంచేశారు, బస్సుల్లో ఎప్పుడైనా వినిపిస్తే నేను దిగాల్సిన స్టాపు దాటి వెళ్ళిపోతుంటాను. ఆవిడ దిగులుపడిందా అంటే, పడినా నాకు చెప్పలేదు. పాడటం మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆవిడ ఫోనులో ఏదో యాప్ పెట్టుకుంది. అందులో ముక్కూమొహం తెలియని వాళ్ళు పాటలో సగం పాడి వదిలేస్తే మిగతాసగం మనం పాడి పూర్తిచేయవచ్చట. సాయంత్రాలు చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని లోపల గదిలో కూర్చుంటుంది. మొన్న ఒక యుగళగీతం మొదలుపెట్టింది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. నాకు వినిపించేది ఆవిడ వంతు మాత్రమే, అవతలివాడి వంతు వచ్చినప్పుడల్లా అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒకసారి ఆవిడ 'ఆహా' అంది. నేను పేపరు మడిచాను. ఇంకో వాక్యం చదవబోయాను, ఎక్కలేదు. లేచి, మోకాళ్ళు సవరించుకుని, నీళ్ళకోసం వెళ్తున్నట్టు ఆ గది మీదుగా నడిచి, గుమ్మం దగ్గర ఆగి, "ఎవరతను? బాగా పాడతాడా?" అన్నాను, వీలైనంత మామూలుగా.

మా ఆవిడ చెవిలోంచి తీగ తీసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూసింది. మోకాళ్ళ నొప్పులూ, నెరిసిన తలా పక్కకి జరిగి, పాలపాకెట్లు పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడే ఆవిడకి కనిపించాడేమో, మొహం మెల్లగా విప్పారింది.

"ఇంకా ఉందన్నమాట," అంది, ఎంతో సంతోషంగా.

నేను మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాను. ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎందుకు తెరిచానో మరిచిపోయి, నాలో నేనే నవ్వుకుంటూ అక్కడే కాసేపు నిలబడ్డాను.